అందరికీ నాలుగే

రాణిని మూసీకి పిలిచింది మధ్యాహ్నం భోజనాల వేళ.

మూసీ అంటే నది అనుకునేరు. ఉప్పల్ రోడ్డు మీద నిలువెల్లా అద్దాలు తొడుక్కుని నిలబడ్డ ఆ కంపెనీలో మీటింగు గదులన్నిటికీ నదుల పేర్లు పెట్టారు. విదేశాల నుంచి దొరలొస్తే కూర్చోబెట్టే పెద్ద హాలు గోదావరి. మేనేజర్లు కాఫీలు తాగుతూ జనం తలరాతలు రాసే గది కృష్ణ. లిఫ్టు పక్కన కిటికీ కూడా లేని ఇరుకు గది మూసీ. అందులో ఒకే ఒక్క పని జరుగుతుంది. మెడలో ట్యాగుతో లోపలికి పోయిన మనిషి ట్యాగు లేకుండా బయటికొస్తాడు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ వాడికి హైదరాబాదు బాగా తెలుసు. కంపెనీ పేరు మాత్రం నేను చెప్పను. ఏ పేరు చెప్పినా పక్క బిల్డింగువాళ్ళు తమదే అనుకుంటారు.

కాసేపటికే రాణి బయటికొచ్చింది. ముందొక సెక్యూరిటీ, వెనకొక సెక్యూరిటీ. దొంగతనం చేసి దొరికిన మనిషిని నడిపించినట్టు సీట్ల మధ్య నుంచి నడిపించారు. తన సీటు దగ్గర ఆగబోతే ఆగనివ్వలేదు. సామాను ఇంటికి పంపిస్తామన్నారు. ఫ్రిజ్‌లో సీసా ఉంది, అదొక్కటి తీసుకుంటానంది. పాలు తాగే బిడ్డను నాగారంలో అత్త దగ్గర వదిలి రెండు బస్సులు మారి వచ్చే తల్లి ఆమె. పొద్దున పిండి దాచుకున్న పాలు అవి. ఆ సీసా గేటు దాటాలన్నా పైవాళ్ళ అనుమతి కావాలట. ఆ మాట చెప్పిన సెక్యూరిటీ మనిషి ఆమె ముఖం చూడలేక నేల చూపులు చూశాడు.

ఆ అంతస్తులో రెండొందల మంది ఉంటారు. అన్ని తలలూ స్క్రీన్లలోకి దూరిపోయాయి. విదేశీ బ్యాంకుల సాఫ్ట్‌వేర్ ఎక్కడ చెడిపోయినా చిటికెలో పట్టేసే కళ్ళు అవి. ఎదురుగా జరిగే ఘోరం మాత్రం ఒక్కరికీ కనపడలేదు. ఆ తలల్లో దుర్గేష్ తల ఒకటి. అతను ఆమె టీము లీడు.

అతని సీటు దగ్గరికి రాగానే రాణి ఆగింది. వెనకాయన నెట్టబోయి ఎందుకో ఊరుకున్నాడు.

"దుర్గేషన్నా, నాకు నాలుగేసింది నువ్వేనట గదా. నిజమేనా?"

అతను చూపు మళ్ళీ స్క్రీన్ మీదికి తిప్పుకున్నాడు. రాణి ఇంకో మాట అడగకుండా వెళ్ళిపోయింది.

నాలుగంటే ఏమిటో చెప్పాలి. ఏడాదికోసారి ఆ కంపెనీ మనుషులకు మార్కులేస్తుంది. ఒకటి వచ్చినవాడు దేవుడు. రెండు వచ్చినవాడు బుద్ధిమంతుడు. మూడు వచ్చినవాడు బతికిపోయాడు. నాలుగు వచ్చినవాడు పనికిమాలినవాడు. అందరూ బాగా చేస్తే అందరికీ ఒకటి వేయొచ్చు కదా అంటారా? మీరు ఉత్త అమాయకులు. ప్రతి టీములోనూ ఒకరు నాలుగై తీరాలని కంపెనీ శాసనం. పరీక్ష పెట్టకముందే పంతులు వచ్చి, మీలో ఒకడు ఫెయిలు, వాడెవడో మీరే తేల్చుకోండి అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

దానికి ఈ చదువుకున్న టీము లీడ్లు ఏం చేశారు? ఇదేం అన్యాయమని అడిగారా? రామ రామ! ఒక ఆచారం పెట్టుకున్నారు. రాజీనామా ఇచ్చి పోతున్నవాడెవడైనా ఉంటే నాలుగు వాడికి. పోయేవాడు లేని ఏడు, కాన్పు సెలవులో ఉన్న ఆడమనిషికి. ఆమె ఎదురుగా లేదు కదా, తిరిగొచ్చేసరికి అందరూ మరిచిపోతారు, వచ్చే ఏడు ఒక మంచి మార్కు వేసి సరిచేద్దాం అనుకుంటారు. దీనికి సర్దుబాటు అని పేరు కూడా ఉంది. దుర్గేష్ అదే చేశాడు. రాణి కాన్పుకు పోయిన నెలలోనే ఆమె పేరు పక్కన నాలుగు నొక్కి, టీముకంతా ఉపకారం చేసినట్టు ఆ సాయంత్రం అందరికీ ఇరానీ చాయ్ తాగించాడు. ఈ ఏడు నాలుగులన్నిటినీ ఏరి పారెయ్యమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది.

మరునాడు హృషికేశ్ అతన్ని కృష్ణలోకి పిలిచాడు. హృషికేశ్ ఆ కంపెనీలో మనుషుల వ్యవహారాలు చూసే అధికారి. ఆ కొలువుకు ఇప్పుడు పీపుల్ పార్ట్‌నర్ అని ముద్దు పేరు. నవ్వు లేకుండా ఆ ముఖాన్ని చూసినవాళ్ళు లేరు. మూసీలో కూడా నవ్వుతూనే ఉంటాడు. ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు చూసే వెబ్‌సైటులో ఎవరో ఈ ఏరివేత గురించి రాసేశారనీ, కంపెనీ పేరు పాడవుతోందనీ చెప్పాడు. కాబట్టి ప్రతి టీమూ సొంత ఫోన్ల నుంచి, ఇంత పెద్ద కంపెనీలో పనిచేయడంలోని మంచీ చెడూ రాయాలి. ఫ్రీగా రాయండి, హానెస్ట్‌గా రాయండి అన్నాడు. ఏం రాయాలో కూడా తనే పంపించాడు.

మంచి సంగతి సరే, చెడు చూడండి. క్యాంటీన్‌లో రకాలు ఎక్కువ, ఏం తినాలో తోచదు. పండగలు ఎక్కువ చేస్తారు, పని మీద ధ్యాస తప్పుతుంది. ఇక్కడ అలవాటు పడితే ఇంకో చోటికి పోబుద్ధి కాదు. ఇవీ ఆ కంపెనీలో చెడులు! వెనకటి జమీందార్లు కూడా పొగడ్తలు రాయించుకుని ఊరుకునేవాళ్ళు గానీ, తమను తిట్టవలసిన తిట్లు తామే రాసిచ్చేవాళ్ళు కాదు. దుర్గేష్ తల ఊపి బయటికొచ్చాడు.

అతను తల ఊపడానికి ఒక కారణం ఉంది. తల్లి వెంకటనర్సమ్మ నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసిన మనిషి. జనగామ దిక్కు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, నిలబడి నిలబడి కాళ్ళు వాచే ఆ పనిలోనే కొడుకును ఇంజనీరును చేసింది. ఇప్పుడు ఆమె రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. రోజు విడిచి రోజు రామంతాపూర్‌లో ఆస్పత్రికి తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. ఆ ఖర్చంతా కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు మీద నడుస్తుంది. ఆ కార్డు ఆగిపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

ఆ శనివారం ఆస్పత్రిలో డయాలసిస్ మిషను పక్కన కూర్చుని తల్లికి సంగతంతా చెప్పేశాడు. నాలుగు సంగతీ చెప్పాడు, పాలసీసా సంగతీ చెప్పాడు. నీరజ అని ఇంకో టీములో ఉంటుంది, మల్కాజిగిరి రైల్వేవాళ్ళమ్మాయి, ఐటీ ఉద్యోగుల యూనియన్‌లో తిరుగుతుంది, రేపు నాచారంలో మీటింగు పెట్టింది, తనను రమ్మంది అన్నాడు. తను పోవడం లేదు అని కూడా అన్నాడు.

"ఎందుకు పోవు?" అంది వెంకటనర్సమ్మ.

"నీ కార్డు ఆగితే ఎట్లనే అమ్మా?"

ఆమె కాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. కోపమొస్తే ఆమె అట్లాగే చూస్తుంది.

"ఆ పిల్ల పొట్ట గొట్టెటప్పుడు నన్ను అడిగినవా? ఇప్పుడు నన్నెందుకురా అడ్డం పెట్టుకుంటవ్? నీకు భయమైతుందని జెప్పు. భయమైతే తప్పేం లేదు. నా పేరు మాత్రం జెప్పకు."

తర్వాత చాలాసేపు ఆమె తన ఫ్యాక్టరీ రోజుల సంగతి చెప్పింది. నిండు నెలల మనిషి ఒకామె కాసేపు కింద కూర్చుందని సూపర్‌వైజరు బయటికి నెట్టేస్తే, ప్యాకింగు ఆడవాళ్ళంతా వచ్చి గేటు ముందు నేల మీద కూర్చున్నారట. పొద్దంతా కూర్చున్నారు. సాయంత్రానికి మేనేజరు చేతులు జోడించుకుంటూ వచ్చాడు. అమ్మా, లేవండి, రేపు మాట్లాడుకుందాం, నేనున్నాను కదా అన్నాడు. లేచారు. తెల్లారి వచ్చేసరికి గేటుకు తాళముంది. ఆ నిండు నెలల మనిషితో పాటు ఇంకొందరి ఉద్యోగాలు పోయాయి.

"లేసినం బిడ్డా. గదే మేం జేసిన తప్పు," అంది.

మీటింగు నాచారం చౌరస్తాలో, హార్డ్‌వేర్ షాపు మీది ఫ్యాక్టరీ కార్మికుల యూనియన్ ఆఫీసులో జరిగింది. వెలిసిపోయిన జెండాలు, కరకరలాడే ఫ్యాను, ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు. ఏసీ లేని గదిలో కూర్చోవడం చాలామంది మరిచిపోయిన పని కాబట్టి అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు. గది నిండి మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఇందులో ఎంతమంది రేపు పొద్దున మాట మారుస్తారోనని నీరజకే అనుమానంగా ఉంది. రాణి బిడ్డను ఒళ్ళో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. దుర్గేష్ వచ్చి దూరంగా నిలబడ్డాడు.

హృషికేశ్ పంపిన మంచీ చెడూ ఎవరో చదివితే గదంతా నవ్వింది. నవ్వయ్యాక అసలు వాదన మొదలైంది. మంచి లేదంటే కళ్ళు పోతాయి అన్నాడొకడు. కంపెనీ పేరు చెబితే బ్యాంకువాడు ఇంటికొచ్చి లోను ఇస్తాడు. ట్యాగు చూసి పిల్లనిస్తారు. బస్తీలో పుట్టినవాడు కూడా విమానమెక్కాడు. ఇంట్లో అందరికీ రోగాలకు కార్డుంది. నిజమే, అవన్నీ నిజమే. మరి చెడు? కాసేపు మౌస్ కదలకపోతే మనిషి పనిలో లేడని మేనేజరుకు మెసేజ్ పోతుంది, కాబట్టి టాయిలెట్‌కు పోతూ పక్కవాడికి మౌస్ అప్పగించి పోవాలి అందొకమ్మాయి. ఇంటికి పోయాక కూడా ఫోన్ మోగితే గుండె జారుతుంది అంది ఇంకొకామె. ఒకరి నెత్తి మీద ఒకరం కాలు పెట్టి నిలబడితే తప్ప ఊపిరాడకుండా చేశారు అన్నాడు ఇంకొకడు. ఇచ్చే ప్రతి మంచికీ ఒక కొక్కెం తగిలించే ఇచ్చారని అప్పటికి అందరికీ తెలిసింది. వాళ్ళకు తెలియక కాదు, పదిమందిలో పైకి అనుకోవడం అదే మొదలు.

బసవరాజుకు ఈ మాటలు మింగుడు పడలేదు. వయసులో అందరికన్నా పెద్ద, కంపెనీ పుట్టినప్పటి నుంచి ఉన్నవాడు, రామంతాపూర్‌లో లోను మీద ఇల్లు కట్టినవాడు. ఈ గొడవ ఆపడానికే వచ్చాడు.

"యూనియన్లు, జెండాలు మనకెందుకమ్మా? మనమేమన్న లేబరా?" అన్నాడు.

రాణి తల ఎత్తింది. "నన్ను దొంగలెక్క తోల్కపోతుంటే సూస్తనే ఉన్నవ్ గదా బసవరాజన్నా. లేబరోల్లైతే గేటు కాడ పదిమందన్న లొల్లి జేసెటోల్లు."

బసవరాజు ముఖం ఎర్రబడింది.

"సరే తల్లీ. ఒక్కటి జెప్పుండ్రి. టీముకొక నాలుగు ఉండాలె, అది రూలు. రాణికి తీసేస్తే ఇంకొకలకు ఎయ్యాలె గదా. ఎవలకేస్తరు? దుర్గేష్, నువ్వు లీడువు గదా. ఎవలకేస్తవ్?"

అందరూ దుర్గేష్ వైపు తిరిగారు. అతనికి ఆస్పత్రి మంచం, తల్లి చేతికి గుచ్చిన సూదులు కళ్ళ ముందు కదిలాయి.

"నాకు ఏసుకుంట," అన్నాడు.

తర్వాత రాణిని చూసి, టీముకు మేలని చేశాను, లేని మనిషే కదా అనుకున్నాను, నాకు బుద్ధి లేదు అన్నాడు. రాణి ఒళ్ళోని బిడ్డను సర్దుకుంది. సరేనని మాత్రం అనలేదు. మెట్ల మీది నుంచి ఒక గొంతు, నాక్కూడా నాలుగేసుకుంటాను అంది. ఇంకొకరన్నారు. నీరజ లేచి నిలబడింది.

"సోమవారం నుంచి, లీడ్లు వేసే ముందు ఎవరి మార్కులు వాళ్ళు వేసుకునే వారం. ఏటా సిగ్గు లేకుండా అందరం ఒకటి వేసుకుంటాం. ఈసారి అందరం నాలుగు వేసుకుందాం. నాలుగులన్నిటినీ తీసేస్తామన్నారు కదా, తీసెయ్యమనండి. అంతస్తంతా ఖాళీ చేసుకుని హృషికేశ్‌ని కూర్చుని పని చేసుకోమందాం."

మునిగిపోతారు, మీ ఇష్టం అంటూ బసవరాజు చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా మాట నడిచింది. కంపెనీ కంప్యూటర్లలో ఒక్క అక్షరం రాయలేదు, అవి చదివే కళ్ళు వేరే ఉంటాయి. మెట్రోలో నడిచింది, షేర్ ఆటోల్లో నడిచింది, చాయ్ బండి దగ్గర నడిచింది. ఫ్లోరు ఊడ్చే చాందిని, ఫ్రిజ్‌లో రాణి సీసా ఉందే, పారేయమన్నారు, నేను పారెయ్యలేదు అని ఒక్కో సీటు దగ్గరా చెప్పి పోయింది. హృషికేశ్‌కు ఏదో వాసన తగిలినట్టుంది, శుక్రవారం ఎవరి పుట్టినరోజూ కాకుండానే కేకు కోయించాడు. జనం కేకు తిన్నారు. తిని పోయి నాలుగు నొక్కారు. కారణం రాయవలసిన చోట అందరూ ఒకే మాట రాశారు: రాణికి ఏ కారణమో నాకూ అదే కారణం.

దుర్గేష్ ఇంకొక పని కూడా చేశాడు. ఆ వెబ్‌సైటులో తన పేరు పెట్టి రాశాడు. మంచి: ఈ కంపెనీ కార్డు మా అమ్మను బతికిస్తోంది. చెడు: ఆ కార్డు పోతుందని భయపడి నేను కాన్పుకు పోయిన ఆడబిడ్డ పేరు పక్కన నాలుగు వేశాను.

సోమవారం భోజనాల వేళకు అతన్ని మూసీకి పిలిచారు.

హృషికేశ్ నవ్వుతూనే ఉన్నాడు. బల్ల మీద టైపు చేసిన రాజీనామా, దాని మీద పెన్ను. రాజీనామా చేసేది దుర్గేష్ అయినా రాసే శ్రమ కంపెనీయే తీసుకుంది. అంత మర్యాద వాళ్ళది.

"మదర్ ఎలా ఉన్నారు దుర్గేష్? రేపు డయాలసిస్ కదా," అన్నాడు. "ఇప్పుడు సైన్ చేస్తే కార్డు ఇంకో మూడు నెలలు నడిచేలా నేను చూస్తాను. నేనున్నాను కదా. చేయకపోతే ఈ సాయంత్రానికే ఆగిపోతుంది. డిసిషన్ నీదే."

నేనున్నాను కదా. ఆ మాట ఎక్కడ విన్నాడో దుర్గేష్‌కు వెంటనే గుర్తొచ్చింది. అతను కుర్చీ అంచులు గట్టిగా పట్టుకున్నాడు.

"మా అమ్మనడిగే వచ్చిన సార్. నేను సంతకం పెట్ట."

హృషికేశ్ ముఖం మీది నవ్వు మొదటిసారి కాస్త తప్పింది. సెక్యూరిటీని పిలవడానికి లేచి తలుపు తీశాడు. తలుపు సగం కూడా తెరుచుకోలేదు, బయట అంతమంది ఉన్నారు. లిఫ్టు దాటి, క్యాంటీన్ దాకా ఒక వరుస. మెడల్లో ట్యాగులు లేవు. తీసి పిడికిళ్ళలో పట్టుకున్నారు. వరుసలో అందరికన్నా ముందు బసవరాజు.

"ఏంటిది? సీట్లకు వెళ్ళండి," అన్నాడు హృషికేశ్.

"నాది గూడ నాలుగే సార్," అన్నాడు బసవరాజు. గొంతు పీలగా వచ్చింది, దగ్గి మళ్ళీ అన్నాడు. "నాది గూడ నాలుగే. నన్ను గూడ పిలుస్తరు గదా, లైన్ల నిలవడ్డ. వారమంతా రాత్రులు మస్తు ఆలోచించిన. నా బిడ్డకు ఏడో నెల. అది గూడ ఇసొంటి కంపెనీలనే చేస్తది."

చెప్పి లోపలికొచ్చి దుర్గేష్ పక్క కుర్చీలో కూర్చున్నాడు. అతని వెనక నీరజ వచ్చింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. కుర్చీలు చాలక కింద కూర్చున్నారు. చివరికి ఆ గదిలో హృషికేశ్‌కే చోటు లేకుండా పోయింది. గోడకు రాసుకుంటూ, సారీ సారీ అంటూ బయటపడి లిఫ్టు దగ్గరి అద్దాల తలుపు దాకా పోయి మెడ తడుముకున్నాడు. ట్యాగు మూసీలో ల్యాప్‌టాప్ మీద ఉండిపోయింది. ట్యాగు ఆనిస్తే తప్ప ఆ తలుపు ఎవడికీ తెరుచుకోదు, పీపుల్ పార్ట్‌నరైనా సరే. చుట్టూ అంతమంది చేతుల్లో ట్యాగులున్నాయి. జర ఎవరైనా తలుపు తీయండి అన్నట్టు అందరి ముఖాలూ చూశాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. రాణిని నడిపించిన సెక్యూరిటీ మనిషి అద్దానికి అవతల నిలబడి ఈసారి కూడా నేలనే చూస్తున్నాడు.

"రాణి సీసా ఫ్రిజ్‌లనే ఉంది సార్," అంది చాందిని చీపురుకట్ట పట్టుకుని. "ఆమెను పిలిచి ఇయ్యుండ్రి."

నీరజ లోపలి నుంచే అడగవలసినవి అడిగింది. రాణిని, ఆమెతో పాటు తీసేసినవాళ్ళను వెనక్కి తీసుకోవాలి. టీముకొక నాలుగు అనే రూలు పోవాలి. ఎవరి ఇంటి కార్డూ ఆగకూడదు. అప్పటిదాకా ఎవరూ సీట్లకు పోరు. సీట్ల దగ్గర ఫోన్లు మోగడం మొదలైంది. లండన్ నుంచో ఎక్కడినుంచో బ్యాంకులవాళ్ళు. మోగి మోగి ఆగిపోతున్నాయి, మళ్ళీ మోగుతున్నాయి. హృషికేశ్ తలుపుకు ఆనుకుని ఎవరెవరికో ఫోన్లు చేశాడు. తర్వాత చేతులు జోడించుకుంటూ వచ్చాడు. లేవండి, ఇదంతా రేపు కూర్చుని మాట్లాడుకుందాం, పైవాళ్ళతో నేను చెప్తాను కదా అన్నాడు. వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేవబోయారు. కింద రోడ్డు మీద పోలీసు బండి వచ్చి ఆగిన చప్పుడైంది.

అప్పుడే దుర్గేష్ ఫోన్ మోగింది. తల్లి. అతను స్పీకరు నొక్కి అందరికీ వినపడేలా పట్టుకున్నాడు.

"తిన్నవా బిడ్డా?"

"తినలేదమ్మా. అందరం కింద కూసున్నం. కార్డు ఆపుతరట. రేపు మాట్లాడుకుందం, లేవుండ్రి అంటున్నరు."

అవతల కాసేపు చప్పుడు లేదు. పైకప్పు చూస్తోందని దుర్గేష్‌కు తెలుసు.

"లేవకుండ్రి," అంది వెంకటనర్సమ్మ.

లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.